తెలియక కాదు, చెప్పక!

పత్తి చేలో ముప్పయ్యేళ్ళ కూలితల్లి నడుం పట్టుకుని గట్టు మీద కూలబడితే పక్కసాలు ఆమె అడిగేది ఒకటే మాట: "ఇంకా సంచి తీయించుకోలేదా?" అడిగిన ఆమెకూ ముప్పయ్యయిదు దాటి వుండవు. ఆమెకు సంచి తీసి నాలుగేళ్ళు. కడుపునొప్పి పోతుందన్నారు. కడుపునొప్పి పోయింది, నడుంనొప్పి వచ్చింది. వొళ్ళంతా ఉడుకు ఉడుకుగా ఆవిర్లు వస్తున్నాయి, రాత్రి నిద్ర పట్టదు, బరువెత్తితే కీళ్ళు పట్టేస్తున్నాయి. ఆపరేషన్‌కు తెచ్చిన అప్పుకి వడ్డీ మాత్రం ఏ నెలా ఆగలేదు.

ఏ వూరి వాడకైనా వెళ్ళండి, మాలపల్లెకు పోండి, మాదిగగూడేనికి పోండి, తండాకు పోండి. ఈ కథ ఒక్క ఇంటిది కాదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ళకు పెళ్ళి. ఇద్దరు పిల్లలు. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళకు కు.ని. ఆపరేషన్. ఇంకో పదేళ్ళకు గర్భసంచి. కూలితల్లి వొంటి మీద ఇవి వరసగా పడే కోతలు. చెవులు కుట్టించుకున్నంత మామూలుగా చెప్పుకుంటున్నాం. అంత మామూలు సంగతి ఎట్లా అయింది? ఎవరు చేశారు? ఈ సంచికలో మనం అడగాల్సిన ప్రశ్న ఇది.

ముందు లెక్క చూద్దాం. ప్రభుత్వమే చేయించిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వుంది. 2019-21 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎంతమంది? నూటికి ఎనిమిది నుంచి తొమ్మిదిమంది! అంటే దేశం లెక్కకు రెండున్నర రెట్లు. పది ఆపరేషన్లలో ఏడు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరుగుతున్నాయి. 2015-16 సర్వేలో చూస్తే, ఆపరేషన్ అయిన వాళ్ళలో సగంమందికి 34 ఏళ్ళు నిండేలోపే అయిపోయింది. చదువుకున్నవాళ్ళ కంటే బడి మొహం చూడనివాళ్ళకు ఎక్కువ జరుగుతోంది.

తెలుగు గడ్డ మీద ఆడవాళ్ళ గర్భసంచులకు మాత్రమే ఇంత పెద్ద రోగం ఎందుకొచ్చింది? నీళ్ళ తేడానా? గాలి తేడానా? కాదు. రోగాల లెక్క చూస్తే ఇంత తేడా రాదు. వ్యాపారం లెక్క చూస్తే వస్తుంది.

ఈ మాట ఎత్తగానే ఆఫీసుల్లో ఒక జవాబు తయారుగా వుంటుంది. "ఏం చేస్తామండీ, వాళ్ళకు అవగాహన లేదు." మీటింగు పెట్టినా ఇదే మాట, రిపోర్టు రాసినా ఇదే మాట. కలరా వచ్చినా అవగాహన లేదు, కాన్పులో తల్లి చచ్చినా అవగాహన లేదు, సంచి పోగొట్టుకున్నా అవగాహన లేదు. రోగం మనదే, తప్పూ మనదే! చదువు చెప్పకుండా వేల ఏళ్ళు వూరి బయట వుంచి, ఇవాళ "మీకు తెలియదు" అని మనమీదే నెట్టడం ఒక కొత్తరకం మనుధర్మం.

అసలు మనకు ఎవరూ ఏమీ చెప్పలేదా? చెప్పారు. బాగా చెప్పారు. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో చూడండి.

తెల్లబట్ట అవుతుంది, పొత్తికడుపు లాగుతుంది, ముట్టు ఎక్కువ పోతుంది. ఈ మూడింట్లో ఏదో ఒకటి పట్టుకుని ఆడమనిషి మొదట పోయేది ఆరెంపీ దగ్గరకు. అతను సూదిమందు వేస్తాడు. తగ్గకపోతే టౌనులో తనకు తెలిసిన ఆసుపత్రికి తీసుకుపోతాడు. అక్కడ స్కానింగు తీస్తారు. తెర మీద నల్లగా, తెల్లగా ఏదో చూపిస్తారు. "సంచికి పుండు పడింది. నీటి బుగ్గలున్నాయి. ఇట్లా వదిలేస్తే క్యాన్సర్‌లో దిగుతుంది. ఇద్దరు పిల్లలున్నారు గదా, ఇంక ఈ సంచితో పనేముంది?" అంటారు. నాలుగే నాలుగు వాక్యాలు. మన భాషలో, మన పిల్లల్ని తలుచుకుని, మన భయాన్ని తాకుతూ చెప్పిన వాక్యాలు. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక ఏ తల్లి ఆగుతుంది? పుస్తెలు కుదువ పెడుతుంది. డ్వాక్రా సంఘంలో అప్పు తీస్తుంది. మేకల్ని అమ్ముతుంది.

ఇక నిజం ఎక్కడుంది? నిజం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద పోస్టరుగా వుంది. "గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ - లక్షణాలు - నివారణ" అని అచ్చు తెలుగులో వుంది. దాన్ని చదవగలిగినామె ఆ దారిన రాదు, వచ్చినామె చదవలేదు. అబద్ధం కాళ్ళతో నడిచి మన వాకిట్లోకి వచ్చింది. నిజం గోడకు అతుక్కుని కూర్చుంది. ఏది గెలుస్తుంది?

అందుకని మన జనానికి మాట ఎక్కదనేది పచ్చి అబద్ధం. ఇంకో రుజువు కావాలా? కుటుంబ నియంత్రణ సంగతి గుర్తు తెచ్చుకోండి. ఎర్ర త్రికోణం గుర్తు లేని గోడ వూళ్ళో వుండేదా? "మేమిద్దరం, మాకిద్దరు" అన్న మాట నోటికి రాని ముసలమ్మ వుందా? జీపులు వాడలోకి వచ్చాయి. మైకులు వచ్చాయి. నర్సమ్మలు ఇంటింటికీ తిరిగారు. బండెక్కించి తీసుకుపోయి, ఆపరేషన్ చేయించి, చేతిలో డబ్బులు పెట్టి దింపారు. ఫలితం? 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు 70 మందికి కు.ని. ఆపరేషన్ అయివుంది. మగవాళ్ళలో నూటికి ఒక్కడు కూడా లేడు! టార్గెట్ వున్నప్పుడు ప్రభుత్వానికి మన వాడ దారి తెలిసింది, మన భాష తెలిసింది, మన ఇంటి తలుపు తెలిసింది. మన వొంట్లో నుంచి ఏదన్నా కోసుకుపోవాల్సినప్పుడు మాట చేరుతుంది. మనల్ని కాపాడే మాట మాత్రం దారి తప్పుతుంది. ఇది అవగాహన లోపమా, వ్యవస్థ బుద్ధా?

ఇంకో సంగతి చూడండి. క్యాన్సర్ పేరు చెప్పి భయపెడుతున్నారే, ఆ క్యాన్సర్‌కు పరీక్ష వుంది. గర్భసంచి మూతికి పుల్లటి వెనిగర్ లాంటి నీళ్ళు అద్ది చూస్తారు. అనుమానం వుంటే కొద్ది నిమిషాల్లో తెల్లమచ్చ కనబడుతుంది. పెద్ద మిషను అక్కర్లేదు, నేర్చుకున్న నర్సమ్మ చేయగలదు. ముప్పయ్యేళ్ళు దాటిన ప్రతి ఆడమనిషికీ అయిదేళ్ళకోసారి చేయాలని 2016లో కేంద్ర ప్రభుత్వమే పద్ధతి రాసింది. అయిందా? 2019-21 సర్వేలో, 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా జరిగినవాళ్ళు దేశంలో నూటికి ఇద్దరు కూడా తేలలేదు. పరీక్ష లేదు, ఆపరేషన్ వుంది. రోగం వుందో లేదో చూసే దిక్కు లేదు, రోగం వస్తుందని కోసేయడానికి మాత్రం సందుకో ఆసుపత్రి. క్యాన్సర్ వచ్చినామెకు చివరి దాకా తెలియదు. రానామెకు సంచి వుండదు.

సంచి అవసరం పిల్లల్ని కనేదాకానే అన్న మాటలో కూడా సగం మోసం వుంది. సంచితో పాటు పక్కన అండాశయాలు రెండు వుంటాయి. వాటినీ తీసేస్తే ముప్పయ్యేళ్ళ మనిషి ఒక్క రోజులో యాభయ్యేళ్ళ మనిషవుతుంది. వొంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు భయం, అన్నీ ముందే వచ్చి పడతాయి. అండాశయాలు వుంచి సంచి ఒక్కటే తీసినా కొందరికి ముట్లుడిగే వయసు ముందుకు జరుగుతుంది. కూలితల్లికి వొళ్ళే ఆస్తి. ఎకరం లేదు, వుద్యోగం లేదు. ఎముక బలమే ఆమె బ్యాంకు. ఆ బ్యాంకును ముప్పయ్యేళ్ళకే దోచుకుంటే మిగతా ముప్పయ్యేళ్ళు ఏం తిని బతకాలి?

అట్లాగని గర్భసంచి ఆపరేషన్ అనేదే వద్దని ఈ పత్రిక చెప్పడం లేదు. పెద్ద గడ్డలకు, సంచి జారినప్పుడు, మందులకు లొంగని రక్తస్రావానికి, క్యాన్సర్ తేలినప్పుడు ఆ ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది. ముట్లుడిగిపోయిన తర్వాత మళ్ళీ రక్తం కనబడినా, భార్యాభర్తలు కలిసిన తర్వాత రక్తం పోతున్నా, ఆగకుండా కారుతున్నా ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి పోవాలి. అవసరమైన ఆపరేషన్‌కు భయపడొద్దు. కానీ తెల్లబట్టకు సంచి తీయడం అంటే తలనొప్పికి తల తీయడమే. కొద్దిపాటి తెల్లబట్ట రోగం కానే కాదు. వాసన, దురద, మంట వుంటే అది ఎక్కువగా సూక్ష్మక్రిముల వల్ల వచ్చేది, మాత్రలతో పోతుంది. కొన్నిటికి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వాడాలి. ఆ మాట మొగుడికి చెప్పేదెవరు?

"ఆడవాళ్ళే అడిగి మరీ చేయించుకుంటున్నారు గదా" అనే పెద్దమనుషులూ వున్నారు. నిజమే, అడుగుతున్నారు. ఎందుకడుగుతున్నారో విన్నారా? నాట్లకు పోతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మోకాలు లోతు బురద. మరుగు లేదు, నీళ్ళు లేవు, బట్ట మార్చుకునే చోటు లేదు. మూడు రోజులు ఇంట్లో కూర్చుంటే మూడు రోజుల కూలి పోతుంది, ముఠాలో పేరు పోతుంది. ఇట్లా బతికేవాళ్ళకు నెలనెలా ముట్టే శత్రువుగా కనబడుతుంది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా సంగతి 2019లో దేశమంతా విన్నది. చెరుకు నరికే కూలితల్లులు పనికి అడ్డం రాకుండా గర్భసంచులు తీయించుకున్నారు. ప్రభుత్వం కమిటీ వేసి లెక్క తీస్తే 82 వేల మంది చెరుకు కూలితల్లుల్లో 13 వేల మందికి పైగా సంచి లేదని తేలింది. దీన్ని ఇష్టపడి చేయించుకోవడం అంటారా? మరుగుదొడ్డి ఇవ్వలేని లోకం, సెలవు ఇవ్వలేని లోకం, మందుబిళ్ళ ఇవ్వలేని లోకం, "ఇదిగో కత్తి" అంటే పట్టుకోవడం ఇష్టం కాదు, గతిలేకపోవడం.

సర్కారు దవాఖానాకు ఎందుకు పోరని అడుగుతారు. పోయినవాళ్ళను అడగండి. కాగితం మీద 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేలకు ఒక వుపకేంద్రం, ఏజెన్సీలో ఇంకా తక్కువ జనాభాకే. కానీ ఆడవాళ్ళ డాక్టరు కావాలంటే మండలం దాటి పోవాలి. ఒక రోజు కూలి పోతుంది, ఆటో చార్జీ అవుతుంది, ఇద్దరికి తిండి ఖర్చు అవుతుంది. అంత చేసి పోతే "డాక్టరమ్మ సెలవు" అంటారు. ఏఎన్ఎం వాడకు వచ్చేది పొద్దున పది, పదకొండుకు. మన ఆడవాళ్ళు ఏడింటికే చేలో వుంటారు. ఇంటికి తాళం చూసి ఆమె రిజిస్టరులో రాసుకుని పోతుంది. ఆమె చెప్పినట్టే లెక్క, మనం విన్నట్టే లెక్క.

ఇక అంటు సంగతి. ఇది 21వ శతాబ్దం, ఇంకా అంటు ఎక్కడుందని అడిగేవాళ్ళకు ఒక్క లెక్క చాలు. 2001-02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాల్లో అంటరానితనం మీద సర్వే జరిగింది, 2006లో పుస్తకంగా వచ్చింది. మన రాష్ట్రం కూడా అందులో వుంది. మూడు వూళ్ళలో ఒక వూళ్ళో ప్రభుత్వ ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళకు రావడం లేదని తేలింది. వైద్యమంటేనే ముట్టుకోవడం. నాడి పట్టాలి, కడుపు నొక్కి చూడాలి. ముట్టుకోకుండా మందు చీటీ రాసేవాడు డాక్టరెట్లా అవుతాడు? అక్కడ ముట్టుకోలేదు గనకనే మన ఆడవాళ్ళు ముట్టుకునేవాడి దగ్గరకు పోయారు. ఆరెంపీ వాడలోకి వస్తాడు. మంచం మీద కూర్చుంటాడు. చెయ్యి పట్టి చూస్తాడు. రాత్రి పన్నెండింటికి తలుపు తడితే లేస్తాడు, డబ్బులు తర్వాత ఇవ్వమంటాడు. అతను ఒక్కడే మన శత్రువని తిట్టి లాభం లేదు. సర్కారు ఖాళీ చేసి వెళ్ళిన కుర్చీలో అతను కూర్చున్నాడు. ఆ కుర్చీకి కమీషన్ కట్టి లాభం తీసుకునేది టౌను ఆసుపత్రి. తాడు ఎవరి చేతిలో వుందో చూడాలి.

1897లో పూనాలో ప్లేగు వచ్చినప్పుడు సావిత్రిబాయి ఫూలే ఒక మహర్ పిల్లవాణ్ణి తన భుజాన వేసుకుని, వైద్యుడైన కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకు మోసుకుపోయింది. ఆ ప్లేగు ఆమెకు తగిలి మార్చి 10న చనిపోయింది. ముట్టుకుంటే చస్తానని తెలిసి ముట్టుకున్న తల్లి ఆమె. ముట్టుకుంటే మైల పడతామని దూరం జరిగే జీతగాళ్ళు ఇవాళ మనకు శుభ్రత గురించి పాఠాలు చెబుతున్నారు!

పేదరికమే కారణం, కులం కాదని కొందరు మనవాళ్ళే వాదిస్తారు. 2022లో తొమ్మిది రాష్ట్రాల లెక్కలతో ఒక పరిశోధన వచ్చింది. మన తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. అక్కడ అగ్రకులాల హిందువుల కంటే దళితుల ఆయుష్షు మూడేళ్ళకు పైగా, ఆదివాసుల ఆయుష్షు నాలుగేళ్ళకు పైగా తక్కువని తేలింది. ఈ తేడాలో సగం కూడా పేదరికంతో లెక్కకు రాలేదు. మిగిలిన సగానికి పేరేంటో మనకు తెలుసు. అయితే ఒక మాట గుర్తుంచుకుందాం. గర్భసంచి వ్యాపారం మాలమాదిగ వాడల దగ్గరే ఆగలేదు. చాకలి, మంగలి, గొల్ల, ముస్లిం ఇళ్ళలోనూ, పేద రైతు ఇళ్ళలోనూ ఇదే కత్తి దిగుతోంది. ఆ ఆడవాళ్ళంతా మన పక్కన నిలబడాల్సినవాళ్ళే.

చెప్పకుండా చేయడం ఎంత దూరం పోతుందో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి, గర్భసంచి మూతి క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. ఒక అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ కలిసి చేసిన అధ్యయనం అది. చాలామంది గిరిజన హాస్టలు పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకం చాలాచోట్ల వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు పెట్టారు. పిల్లల చావుల వార్తలు బయటికొచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని తేలలేదని విచారణ కమిటీ చెప్పింది. కానీ వొప్పుకోలు తీసుకున్న తీరు తప్పని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా మందలించింది. టీకా చెడ్డదని మనం అనడం లేదు, ఆ క్యాన్సర్‌ను ఆపడానికి అది పనికొస్తుంది. కానీ అమ్మానాన్నలకు చెప్పకుండా పిల్ల చేతికి సూది గుచ్చే అధికారం ఎవరిచ్చారు? పెద్దింటి పిల్లల బళ్ళో ఇట్లా చేయగలరా? ఇట్లా చేస్తే నష్టం అక్కడితో ఆగదు. రేపు నిజంగా మంచి మందు వచ్చినా జనం నమ్మరు. ఆ నమ్మకపోవడాన్ని మళ్ళీ "మూఢనమ్మకం" అంటారు.

చట్టం మన పక్కన వుంది, మనమే దాన్ని వాడలోకి తెచ్చుకోలేదు. వొక మహిళకు కడుపు లోపల చూసే పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి చేత వొప్పుకోలు తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆ కేసులో 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: పరీక్షకు ఇచ్చిన వొప్పుకోలు కోతకు వొప్పుకోలు కాదు. జబ్బు ఏంటో, వేరే దారి ఏముందో, చేస్తే ప్రమాదం ఏంటో, చేయకపోతే ఏమవుతుందో రోగికే చెప్పి వొప్పించాలి. మరి మన ఆడవాళ్ళ వేలిముద్ర ఎట్లా తీసుకుంటున్నారు? ఇంగ్లీషు కాగితం మీద, ఆపరేషన్ గది తలుపు దగ్గర, మొగుడి చేత!

బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో జరిగిన అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద 2013లో వేసిన ప్రజాప్రయోజన కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. అనవసర ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం 2022లో తయారుచేసిన నియమాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని చెప్పింది. జిల్లా, రాష్ట్ర, దేశ స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు వుండాలి. మీ జిల్లాలో ఆ కమిటీ వుందా? ఎవరున్నారు? ఎన్నిసార్లు కూర్చుంది? ఎన్ని ఆసుపత్రులను అడిగింది? 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు చాలు. ఇంకోటి: అంటరానితనం పేరుతో ఆసుపత్రిలో చేర్చుకోకపోతే 1955 పౌరహక్కుల చట్టం ఐదో సెక్షను కింద శిక్ష వుంది. ఆసుపత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రాకుండా అడ్డుపడడం 2015 సవరణతో అట్రాసిటీ చట్టం కిందికి కూడా వచ్చింది.

ఇక మన ఇంటి సంగతి. మన సంఘాల్లో ఈ మాట ఎన్నిసార్లు వచ్చింది? భూమి గురించి మాట్లాడాం, రిజర్వేషన్ల గురించి మాట్లాడాం, విగ్రహాల గురించి మాట్లాడాం. మాట్లాడాల్సిందే. కానీ సభకు కుర్చీలు వేసి, అన్నం వండి, వెనక వరసలో కూర్చున్న అక్క కడుపులో కోత గురించి ఒక్క తీర్మానం చేశామా? "అది ఆడాళ్ళ సంగతి" అని లేచి బీడీ కాల్చుకోడానికి బయటికి పోయాం. తెల్లబట్ట అన్న మాట మైకులో పలకడానికి సిగ్గుపడ్డ ప్రతి మగ నాయకుడికీ ఈ నేరంలో వాటా వుంది. ఈ పత్రికకూ వుంది.

కాబట్టి కార్యకర్తలు, వాడ పెద్దలు, ముఖ్యంగా డ్వాక్రా సంఘాల అక్కలు ఈ పనులు పెట్టుకోవాలి.

ఒకటి. మీ వాడలో ఎంతమందికి గర్భసంచి ఆపరేషన్ అయింది, ఏ వయసులో, ఏ జబ్బు చెప్పి, ఎంత అప్పు చేసి, ఎవరు తీసుకుపోయి చేయించారు? ఆడవాళ్ళే ఆడవాళ్ళను అడిగి రాయండి. పేర్లు బయటపెట్టొద్దు, లెక్కలు బయటపెట్టండి. ఆ లెక్క కలెక్టరుకు, జిల్లా వైద్యాధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి.

రెండు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త పొద్దుగూకిన తర్వాత వాడలోకి రావాలని, అంబేద్కర్ విగ్రహం దగ్గరో సంఘం ఇంట్లోనో కూర్చుని మన మాటల్లో చెప్పాలని అడగండి. ఆశా అక్క కూడా మనలాంటి ఇంటి మనిషే, చాలీచాలని డబ్బులతో వూరంతా తిరుగుతోంది. ఆమెతో కొట్లాట పెట్టుకోకండి, ఆమెను మన వైపు తెచ్చుకోండి.

మూడు. ముప్పయ్యేళ్ళు దాటినవాళ్ళందరికీ క్యాన్సర్ పరీక్ష మన మండలంలోనే జరగాలని పట్టుబట్టండి. వారానికో రోజు ఆడవాళ్ళ డాక్టరు కూర్చోవాలి.

నాలుగు. ఎవరికైనా సంచి తీయాలని చెబితే ఒంటరిగా పంపొద్దు. అడగడం తెలిసిన ఒకరు తోడు పోవాలి. ఈ ప్రశ్నలు అడగాలి: జబ్బు పేరేంది? స్కానింగులో ఏం తేలింది, కాగితం ఇవ్వండి. మందులతో తగ్గదా, ఎన్ని నెలలు వాడి చూశారు? క్యాన్సర్ అంటున్నారు, ముక్క పరీక్ష చేశారా? సంచి ఒక్కటేనా, అండాశయాలు కూడా తీస్తారా? తీస్తే తర్వాత ఏమవుతుంది? మొత్తం ఖర్చెంత? జవాబు చెప్పని చోట వేలిముద్ర వేయొద్దు. ఆ కాగితాలు పట్టుకుని సర్కారు పెద్దాసుపత్రిలో ఇంకో డాక్టరుకు చూపించాలి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల నియమావళిలోనే 2002 నుంచి వుంది.

అయిదు. ఇప్పటికే సంచి పోయినవాళ్ళను మర్చిపోవద్దు. వాళ్ళ ఎముకలకు, నొప్పులకు మందు సర్కారు దవాఖానాలో దొరకాలి. ఆ అప్పు కథలు వినాలి. "నీ తెలివితక్కువ" అని ఒక్క మాట కూడా ఆమెను అనొద్దు. ఆమె తెలివి తక్కువ కాదు. ఆమెకు దొరికిన ఒకే ఒక్క మాటను నమ్మింది.

ఒక్క సంగతితో ముగిస్తాం. ఈ దేశంలో పల్లెపల్లెకూ కబురు మోసినవాళ్ళం మనం. వూళ్ళో ఏ చాటింపు వేయాలన్నా డప్పు మనదే. పెద్దింట్లో చావు జరిగితే అర్ధరాత్రి పది వూళ్ళు నడిచి కబురు చెప్పి వచ్చింది మన తాత. గొంతు మనది, కాళ్ళు మనవి, కబురు మాత్రం ఎప్పుడూ వాళ్ళది. అందరికీ కబురు చేర్చిన వాడకు తన ప్రాణం కబురు చేరడం లేదు. ఇంక చాలు. ఈసారి డప్పు మన కబురు కోసం మోగాలి. రేపు రాత్రే వాడలో కూర్చోండి. సిగ్గు వదిలి మాట మొదలుపెట్టండి. మొదటి మాట అక్కదిగా వుండాలి. మగవాళ్ళు కూర్చుని వినాలి.

జై భీమ్!